పనసగుడ జీపు వాటాలు

విశాఖ కేంద్ర కారాగారం,
జూన్ 14

అక్కా,

సుక్రు నమస్కారం. నేను బాగానే ఉన్నాను. మన పనసగుడలో ఫోను అందదు కనుక ఇకమీదట ఉత్తరాలే. ఇక్కడ జైలు పెద్దలు చదివాకే ఉత్తరం లోపలికీ బయటికీ వెళ్తుంది. అది గుర్తుపెట్టుకుని రాయి.

తీర్పు చదివిన రోజు నీతో మాట్లాడనివ్వలేదు. పదేళ్లు అనగానే నేను నీ వైపు చూశాను. నువ్వు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నావు. కాఫీ బస్తాలన్నారు, కిరాయి ఇచ్చారు, నేను తోలాను. లోపల గంజాయి ఉందట, నేను విప్పి చూడలేదు. చూడకపోయినా నేరమేనట. లాయరు రవిబాబుగారు హైకోర్టుకు అప్పీలు పంపారు, బెయిలు అర్జీ కూడా పెట్టారు.

ఇక బండి సంగతి. లోను నీ పేరున తీసుకున్నాం గనుక జీపు నీ పేరునే ఉంది. అందుకే కేసు నడుస్తుండగా కోర్టు దాన్ని నీకు అప్పగించింది, భీముడు మావ జామీనుగా వేలిముద్ర వేశాడు. ఇప్పుడు తీర్పులో ఆ జీపును ప్రభుత్వానికి జప్తు చేయమని రాశారు. అప్పీలు గెలిస్తే మళ్లీ మనకే వస్తుందని లాయరుగారి మాట. అందుకని ఒక్క మేకు కూడా పోకుండా చూడు. వారానికోసారి ఎవరి చేతనైనా స్టార్టు చేయించు. టార్పాలిన్ మీద నీళ్లు నిలవనివ్వకు. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, వేపాకు పెట్టు.

నేను బయటికొస్తే నాకు ఇంకే పనీ రాదు. ఆ బండే నా బతుకు.

నీ తమ్ముడు,
సుక్రు


పనసగుడ, అరకు లోయ,
జూలై 20

తమ్ముడు సుక్రుకి,

ప్రభువు నీకు తోడుగా ఉండును గాక. నీ ఉత్తరం శుక్రవారం సంతకు దిగినప్పుడు పోస్టాఫీసులో ఇచ్చారు. అక్కడే అరుగు మీద కూర్చుని చదువుకున్నాను.

వానలు బాగా పడుతున్నాయి. పోయినేడు కొండ జారి తెగిన బాట అలాగే ఉంది, బళ్లేవీ రావడం లేదు. చోడి నాట్లు అయ్యాయి. కాఫీ కింద కలుపు నేనే తీస్తున్నాను. నడుము పట్టేస్తోంది, అయినా మెల్లగా అవుతోంది. భీముడు మావ మనవరాలు సోని ఆరో తరగతికి వచ్చింది. గెడ్డ పొంగినా ఆ పిల్లగుంట బడి మానడం లేదు. గట్టి వంతెన వేసుకున్నాం.

బండి ఊరు దాటి ఎక్కడికీ పోలేదు. ఊళ్లో ప్రతి ఇల్లూ దాన్ని చూసుకుంటోంది. దాని గురించి బెంగ పెట్టుకోకు.

బెయిలు ఏమైందో రాయి. ప్రతి ఆదివారం చర్చిలో నీ పేరు చెప్పి ప్రార్థిస్తున్నాం. అన్నం సరిగ్గా తింటున్నావా?

నీ అక్క,
సోములమ్మ


విశాఖ కేంద్ర కారాగారం,
ఆగస్టు 11

అక్కా,

నీ ఉత్తరం అందింది. వంతెన వేశారని చదివి ఆశ్చర్యపోయాను. మావ ఎన్ని అర్జీలు పెట్టాడు, ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడు! చివరికి గవర్నమెంటు కరుణించిందన్నమాట. ఇనుపదా, సిమెంటుదా? నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు.

ప్రతి ఇల్లూ బండిని చూసుకోవడం ఏమిటి? పిల్లగుంటలు దాని మీదెక్కి ఆడుతున్నారా? ఆడనీ గాని హారన్ నొక్కనివ్వకు. సాలూరులో మోజుపడి కొన్న హారన్ అది. ఘాటీ మలుపు మీద నేను కొడితే కింద సంతలో నువ్వు గుర్తుపట్టేదానివి.

ములాఖత్‌కు వచ్చిన లాయరు గుమస్తా ఒక మాట చెప్పాడు. జప్తు ఆర్డరు పట్టుకుని పోలీసులు మన ఊరు వస్తారట. బాట లేదని చెప్పు. బలవంతం చేస్తే బండి అప్పగించి రసీదు తీసుకో. గొడవ పడకు. నువ్వెలాగూ పడవు.

బెయిలు సంగతి అడిగావు. హైకోర్టులో నడుస్తోంది. ఇక్కడ నాకు వంటశాలలో పని ఇచ్చారు. బాగానే ఉంది.

సుక్రు


పనసగుడ,
సెప్టెంబరు 8

తమ్ముడా,

ఈ ఉత్తరం రాయకుండా చాలా రోజులు తప్పించుకు తిరిగాను. జైలు పెద్దలు చదువుతారన్న భయం ఒకటి, నీ భయం ఒకటి. ఇప్పుడు పోలీసులకే తెలిసిపోయింది. నీ దగ్గర దాచి ప్రయోజనం లేదు.

పోయిన నెల ఒక మంగళవారం గంగరాజు అనే కానిస్టేబులు వానలో తడుస్తూ నడిచి వచ్చాడు. మంచివాడే. అంబలి ఇచ్చాను, తాగాడు. తాగాక, "అమ్మా, ఇంతకీ జీపెక్కడ?" అన్నాడు. భీముడు మావ అరుగు మీద చుట్ట ముట్టించుకుంటూ, "ఇప్పుడే దాని మీంచి నడిసొచ్చావు కద బాబూ" అన్నాడు.

అవును సుక్రూ. గెడ్డ మీద వేసింది నీ బండి ఛాసీనే.

పోయినేడు వానలకు గెడ్డ మీది దుంగలు కొట్టుకుపోయాయి. సోని దాటబోయి నీళ్లలో పడింది. కింద వెదురుపొద అడ్డుకోబట్టి బతికింది. బాట తెగి నీ బండి పైనే ఇరుక్కుపోయింది. దాన్ని కిందికి దించే దారి లేదు. ఎలుకలు వైర్లన్నీ తినేశాయి. నేను వేపాకు పెట్టాను, నిజంగా పెట్టాను. ఒకరోజు మావ వచ్చి, "సోములూ, ఆ బండి సచ్చిన జంతువు నాగ పడుంది. దాని ఎన్నుపూస ఇయ్యి, గుంటలు దాటుతారు" అన్నాడు. సోని చెంప మీద దెబ్బ ఇంకా మానలేదు. కాదనలేకపోయాను.

అక్కడితో ఆగుతుందనుకున్నాను. నీకు తెలుసు కదా మన ఊరి కట్టు. వేట మీద ఒక కత్తిగాటు పడ్డాక అది ఇక ఒకరిది కాదు. గడపగడపకూ వాటా వెళ్లాలి. ఒక్క ఇల్లు తప్పినా అడవి అలుగుతుందని మావ నమ్మకం. చైత్రం వేట మాంసం పంచినట్టే ఆకులు పరిచి, బోల్టులతో సహా పంచాడు. ఇంజను సోమన్న ఇంటికి. తలుపులు ముత్యాలమ్మ మేకల దొడ్డికి. పైరేకు చర్చి వంటపాకకు. బ్యాటరీ ధర్మతేజకు. వేటగాడి ఇంటికి తల వాటా కదా, ముందు అద్దం, దీపాలు, స్టీరింగు మన ఇంటికి తెచ్చి దేవుని వాక్యం ఉన్న గోడ కింద పెట్టాడు. నేను వాటి మీద గుడ్డ కప్పాను.

కోర్టు కాగితంలో అడిగినప్పుడు చూపిస్తాను, అమ్మను, రూపు మార్చను అని ఉంది. చదివే సంతకం పెట్టాను. అమ్మలేదు కదా అని మనసుకు చెప్పుకున్నాను. ఊరంతా కూడా కోర్టు బండిని ఇచ్చేసిందనే అనుకున్నారు. దాయమని ఇచ్చిందని ఎవరికీ తోచలేదు. మన దగ్గర ఇచ్చినది ఇచ్చినదే.

ఇప్పుడు కోర్టు నుంచి నోటీసు వచ్చింది. బండి అప్పగించలేదు కనుక జామీను పత్రంలో రాసిన దాని విలువ మా దగ్గర ఎందుకు వసూలు చేయకూడదో చెప్పుకోవాలట. నాకొకటి, మావకొకటి. చెల్లించలేకపోతే జామీనుదారుకి ఆరు నెలల దాకా జైలు వేయొచ్చని, నోటీసు తెచ్చిన గంగరాజు తల దించుకుని చెప్పాడు.

మావకు డెబ్బై దాటాయి సుక్రూ. నీ కోసం, నా మాట మీద వేలిముద్ర వేశాడు.

సోములమ్మ


విశాఖ కేంద్ర కారాగారం,
సెప్టెంబరు 19

అక్కా,

నువ్వు అబద్ధం ఆడవు. చిన్నప్పటి నుంచీ ఊళ్లో అందరూ చెప్పేదే. బండి ఊరు దాటలేదన్నావు, దాటలేదు. ప్రతి ఇల్లూ చూసుకుంటోందన్నావు, చూసుకుంటోంది. ఒక్క అబద్ధం కూడా లేకుండా నన్ను మోసం చేశావు.

ఇక్కడ కళ్లు మూసుకుంటే నేను ఆ బండి తోలుతాను. గేరు మారుస్తాను, మలుపులో హారన్ కొడతాను, సంతలో జనాన్ని దించుతాను. ఏడాదిగా లేని బండిని తోలుతున్నాను. పక్కవాళ్లకు కూడా చెప్పాను, బయటికెళ్లాక మా అరకు రండి, నా బండిలో తిప్పుతానని.

గోడ కింద పెట్టి గుడ్డ కప్పావా? శవానికి కప్పినట్టు.

నాకు రాయకు.

సుక్రు


పనసగుడ,
అక్టోబరు 25

తమ్ముడు సుక్రుకి,

రాయకన్నావు. అయినా రాస్తున్నాను. చదవకపోయినా నీ దగ్గర ఉంచుకో.

మావా నేనూ విశాఖ వెళ్లి రవిబాబుగారిని కలిశాం. నిన్ను చూడాలని జైలు దాకా వచ్చాం. నువ్వు రానన్నావని లోపలి నుంచి కబురు వచ్చింది. మావ గేటు బయట కాసేపు కూర్చుని, "బాగా ఎత్తుగా కట్టారు గోడ" అన్నాడు.

లాయరుగారు విసుక్కోకుండా చెప్పారు. జప్తు కావలసిన వస్తువు కనబడకపోతే కోర్టు చేతులు ముడుచుకుని కూర్చోదట. దాని విలువ అడుగుతుంది. విలువ ఇవ్వలేకపోతే మన దగ్గర ఇంకేముందో చూస్తుంది. కొండ మీది మన భూమిని బయటివాడు వేలంలో కొనకూడదు గనుక భూమి జోలికి రావడం కష్టం. కాని మావ ఎద్దులు, గాదెలో గింజలు, నా కాఫీ పంట పట్టుకోవచ్చు. అదీ చాలకపోతే మావకు జైలు.

"నా బదులు ఆయనెందుకు బాబూ, ఆయన బదులు నన్ను పంపండి" అన్నాను.

"ఒకరి బదులు ఒకరు వెళ్లడానికి ఇది చర్చి కాదమ్మా, కోర్టు" అన్నారు. నవ్వుతూనే అన్నారు, ఆయనా అలసిపోయి ఉన్నారు. తర్వాత మెల్లగా చెప్పారు. తగిన కారణం చూపిస్తే జడ్జిగారు ఆ మొత్తంలో కొంత, ఒక్కోసారి చాలా వరకు, మాఫీ చేయవచ్చట. మేం బండిని అమ్ముకుని తినలేదని నమ్మించాలి. ఎలా నమ్మించడమో ఆయనకూ తోచలేదు. డిసెంబరులో వాయిదా.

తిరుగు రైల్లో మావ వేరుశనగకాయలు కొని నాకు పెట్టాడు. "జైల్లో రోజూ వరన్నమే పెడతారంట కదే. ఇంటికాడ చోడి తప్ప ఏటుంది? ఎల్తే ఎల్తాను" అన్నాడు. బొర్రా దాటాక మాత్రం కిటికీకి తల ఆనించి, "ఎద్దుల్ని సోమన్నకి అప్పజెప్పాలి. ఎర్రది నా కేకకైతేనే కదులుద్ది" అన్నాడు.

నేను బైబిలు తీస్తే అబ్రాహాము దగ్గరే ఆగిపోతున్నాను. కొడుకు బదులు పొదలో పొట్టేలు దొరికింది ఆయనకు. మా కోసం పొదలో ఏమీ కదలడం లేదు. దేవుడి మీద ఫిర్యాదు కాదు ఇది. అలిసిపోయాను, అంతే.

కాఫీ పళ్లు ఎర్రబడుతున్నాయి. నువ్వు కోసిన ఏడు గుర్తొస్తోంది. నీ బెయిలు మాట ఎవరినడిగినా సరిగ్గా చెప్పడం లేదు.

సోములమ్మ


విశాఖ కేంద్ర కారాగారం,
నవంబరు 16

అక్కా,

ఆ రోజు మీరు వచ్చారని తెలిసీ బయటికి రాలేదు. గేటు దగ్గర మావ కూర్చున్నాడని నీ ఉత్తరం చూసేదాకా తెలియదు. తెలిస్తే వచ్చేవాణ్ణి.

నేనూ ఒకటి దాచాను. బెయిలు అర్జీ జూలై నెలలోనే కొట్టేశారు. అప్పీలు ఉంది గాని అది ఎప్పటికి పిలుస్తారో ఎవరూ చెప్పలేరు. నడుస్తోందని నీకు రాశాను. అది కూడా అబద్ధం కాదు. మనిద్దరం ఒక అమ్మ పిల్లలమే.

బెయిలు పోయిన రోజు నుంచీ ఆ బండే నాకు మిగిలింది. అందుకే అంత కోపం వచ్చింది.

మావను ఇక్కడికి రానివ్వకు. ఆయన అనుకున్నట్టు వరన్నం పెడతారు, నిజమే. కాని ఇక్కడ నుంచి చెట్టన్నది కనబడదు. ఆయన ఆరు నెలలు కాదు, ఆరు రోజులు ఉండలేడు.

నాకు తోచింది చెబుతాను. జడ్జిగారు బండి చూపించమన్నారు. చూపించండి. ముక్కలైతేనేం, అన్నీ ఊళ్లోనే ఉన్నాయి కదా. అమ్ముకుని తిన్నవాడు బోల్టులు తెచ్చి చూపించలేడు. వేట వాటా వెనక్కి అడిగిన ఊరు ఇంతవరకు లేదని నాకు తెలుసు. మావ ఒప్పుకోడు. నేను అడిగానని చెప్పు. బండి తోలినవాడు అడుగుతున్నాడని చెప్పు.

హారన్ ఎవరి వాటాకు వెళ్లింది?

సుక్రు


పనసగుడ,
డిసెంబరు 21

తమ్ముడు సుక్రుకి,

నీ ఉత్తరం చర్చి ముందు అందరికీ చదివి వినిపించాను. మావ చాలాసేపు నేల మీద పుల్లతో గీసుకుంటూ ఉండి, "తిన్న మాంసం కక్కమన్నట్టుంది" అని లేచి వెళ్లిపోయాడు. ఇక అయిపోయిందనుకున్నాను. తెల్లారి చూస్తే హారన్ తుడుచుకుంటూ మన గడపలో కూర్చుని ఉన్నాడు. హారన్ ఆయన వాటాకే వెళ్లింది. ధర్మతేజ బ్యాటరీకి కలిపి చోడి చేలో అడవిపందుల్ని తోలేవాడు. "ముందు నాది అట్టుకెళ్లు" అన్నాడు.

పెద్దవాడే ఇచ్చాక ఇక ఎవరూ కాదనలేదు. ముత్యాలమ్మ మాత్రం మేకల దొడ్డి తలుపులు విప్పుతూ నన్ను తిట్టింది. "సిరుతొస్తే నీ జడ్జిగారు కాపలా ఉంటాడేటి?" అంది. తిడుతూనే తలుపులకు అంటిన పేడ కడిగి ఇచ్చింది. అన్నీ డోలీలకు కట్టి, రోగిని మోసినట్టే మోసుకుంటూ గెడ్డ దాటించాం. నీ బండి ముక్కలు నీ బండి మీదుగానే వెళ్లాయి. కింద కాయగూరల వ్యాను అతను విశాఖ దాకా తీసుకెళ్లాడు.

కోర్టు ఆవరణలో గోనెలు పరిచి అన్నీ వరసగా పెట్టాం. బంట్రోతు పరుగెత్తుకొచ్చి, "ఏటిది, పాత సామాన్ల కొట్టనుకున్నారా? తియ్యండి బేగి!" అని అరిచాడు. రవిబాబుగారు ఆయనకు సర్దిచెబుతున్నారు. ఈలోగా మావ నెమ్మదిగా హారన్ తీసి బ్యాటరీకి తగిలించాడు. సుక్రూ, అది మోగింది. ఆవరణంతా మోగింది. జనం వరండాలలోకి వచ్చేశారు. అదే ఊళ్లో నువ్వూ ఉన్నావు. అంత దూరం వినబడదని తెలుసు. అయినా నేను నీ వైపు తిరిగి నిలబడ్డాను.

జడ్జిగారు మెట్ల దాకా వచ్చి చూశారు. చివాట్లు పెడతారనుకున్నాను. ఒక్కొక్క ముక్కా ఎవరి ఇంటి నుంచి వచ్చిందో అడిగారు. మావ చెప్పాడు.

"మిగిలినదేది?" అన్నారు.

సోని వాళ్ల మాస్టారు తీసిన ఫోటో ఇచ్చాను. గుంటలు సంచులేసుకుని ఛాసీ మీద దాటుతున్న ఫోటో.

"దీన్ని తీసి తేలేరా?"

"తెత్తాం బాబూ. తెచ్చీసినాక వానాకాలం గుంటల్ని దాటించడానికి మీరే ఓ మనిసిని పంపాల" అన్నాడు మావ. రవిబాబుగారు ఆయన చెయ్యి గిల్లారు. జడ్జిగారు ఫోటో చేతిలోనే ఉంచుకుని లోపలికి వెళ్లారు.

ఆర్డరు వారానికి వచ్చింది. పత్రం తప్పామన్నది నిజమేనని రాశారు. కాని మోసం లేదని, వస్తువు దొరికిన మేరకు దొరికిందని, విలువలో ఎక్కువ భాగం మాఫీ చేశారు. భీముడు మావ జామీను నుంచి విడుదల. ఎద్దులు ఆయన దగ్గరే ఉంటాయి. మిగిలిన భాగం నేను చెల్లించాలి. ఈ ఏడు కాఫీ, వచ్చే ఏడు కాఫీ దానికే. అందుకని నిన్ను చూడటానికి కొన్నాళ్లు రాలేను. ఉత్తరాలు మాత్రం రాస్తాను. ఏదీ దాచను. నువ్వూ దాచకు.

ఛాసీ సంగతి చివర్లో రాశారు. అదీ జప్తే. ప్రభుత్వానిదే. తీసుకెళ్లే ఏర్పాటు చేసేదాకా ఉన్నచోటనే ఉండాలి, ఎవరూ కదపకూడదు, పాడుచేయకూడదు.

నిన్న గంగరాజు తెల్లరంగు డబ్బా పట్టుకుని వచ్చాడు. గెడ్డలో మోకాళ్లదాకా దిగి, పక్క కమ్మీ మీద కేసు నంబరు, దాని కింద 'ప్రభుత్వ ఆస్తి' అని రాశాడు. సోని గట్టు మీద కూర్చుని అక్షరాలు కూడబలుక్కుని చదివింది. మావ చుట్ట తీసి, "అయితే ఇది ఇప్పుడు గవర్నమెంటు వంతెనేనా బాబూ?" అని అడిగాడు.

"అంతే తాతా."

"మరి పాడైతే ఎవరు బాగుసేత్తారు?"

గంగరాజు డబ్బా మూత బిగిస్తూ, "అర్జీ పెట్టుకో" అన్నాడు. మావ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నాక్కూడా నవ్వొచ్చింది. ఈ ఏడాదిలో అదే మొదటిసారి అనుకుంటాను.

మన ఇంటి గోడ కింద ఇప్పుడు ఏమీ లేదు. కప్పిన గుడ్డ ఉతికి దాచాను.

నువ్వెప్పుడు వస్తావో ప్రభువుకు తెలుసు. బాట బాగుపడుతుందన్న ఆశ నాకు లేదు. కింద దిగి నడిచే రావాలి. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి అలిసిపోయి ఉంటావు. కాసేపు దాని మీద కూర్చో. తర్వాత లేచి రా. నీ బండి మీదుగానే ఇల్లు చేరతావు.

నీ అక్క,
సోములమ్మ